బొటనవేలికి పల్లకీ

పాత రేంజ్‌ఫైండర్ కెమెరా అభిమానుల లోకంలో బొటనవేలంత అణగారిన ప్రాణి మరొకటి లేదు. ఫొటో తీసిన ప్రతిసారీ అది పాపం ఒక మీటను తోసి ఫిల్మును ముందుకు జరపాలి. ఆ తోపుడులో కన్ను వ్యూఫైండర్ నుంచి చెదిరిపోతుందట, సరిగ్గా ఆ రెప్పపాటులోనే లోకం తన గొప్ప దృశ్యాన్ని చూపించి తెర దించేస్తుందట! దీనికి విరుగుడు లైకా కెమెరాల లైకావిట్. కెమెరా అడుగు మూత తీసేసి ఈ వైండర్ బిగించాలి. దాని ట్రిగ్గర్ మడత విప్పి ఎడమచేతి వేళ్ళతో లాగితే ఫిల్ము జరుగుతుంది, షట్టర్ సిద్ధమవుతుంది. అంటే కుడిచేతి బొటనవేలి కష్టాన్ని ఎడమచేతికి బదిలీ చేశారన్నమాట. ఈ బదిలీ ఉత్తర్వు ఖరీదుకు ఓ మోస్తరు పాత లెన్సు వస్తుంది.

పుట్టినప్పుడు మాత్రం ఈ పరికరానికి పని ఉండేది. 1925లో జర్మనీలో అమ్మకానికి వచ్చిన తొలి లైకాకు మీట లేదు. పైన గుండ్రటి నాబ్, దాన్ని వేళ్ళతో పట్టుకుని తిప్పుకోవాలి. అందుకే 1930లలో కంపెనీ అడుగున బిగించే ట్రిగ్గర్‌ను తెచ్చింది. గోడ గడియారంలా స్ప్రింగుకు కీ ఇచ్చే మూలీ అనే మోటారునూ అమ్మింది.

మరి నాబ్‌తోనే సరిపెట్టుకున్న అభాగ్యులు ఏమైపోయారు? 1932లో పారిస్‌లోని సాఁ-లజార్ స్టేషన్ వెనక ఫొటోగ్రాఫర్ కార్టియే-బ్రెసాఁ కంచె పలకల సందులో లెన్సు దూర్చి, నీటిగుంట మీదుగా దూకుతున్న మనిషిని పట్టేశాడు. వ్యూఫైండర్‌లోంచి సరిగ్గా చూసే వీలు కూడా ఆయనకు లేకపోయింది. 1945 ఆగస్టు 14న న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో మరో ఫొటోగ్రాఫర్ ఐసెన్‌స్టాట్ ఓ యువతిని ముద్దాడుతున్న నావికుణ్ణి లైకా 3ఏతో వరసగా నాలుగు ఫ్రేములు తీశాడు. నాలుగుసార్లూ నాబే. ఆ జంట ఆయన వేళ్ళ కోసమేమీ ఆగలేదు.

1954లో లైకా ఎం3 వచ్చింది, దానికి మీట వచ్చింది. మొదట రెండు తోపులు, 1958 నుంచి ఒకటే. రోగం కుదిరింది. మందు మాత్రం మిగిలిపోయింది.

ఆ మందును 1956లో పత్రికా ఫొటోగ్రాఫర్ల కోసం చేసిన లైకా ఎంపీ కెమెరాకు తగిలించారు. అలాంటి కెమెరాలు నాలుగు వందల పైచిలుకే తయారయ్యాయి. మరుసటి ఏడాదే నికాన్ ఎస్‌పీకి సెకనుకు మూడు ఫ్రేములు లాగే కరెంటు మోటారు దొరికింది. ట్రిగ్గర్ హుందాగా మ్యూజియం చేరాల్సిన సమయం అది. చేరలేదు సరికదా, 2003లో కొత్త ఎంపీతో పాటు మళ్ళీ దుకాణానికి వచ్చింది. పాత ఎం3 ఉన్నవాళ్ళకు ఆ భాగ్యమూ లేదు. కెమెరా లోపలి భాగాలు మార్పిస్తే తప్ప వాళ్ళకది పట్టదు.

ఇక వేగం లెక్క. రీలులో ఉండేవి 36 బొమ్మలు. ఎంత త్వరగా లాగితే అంత త్వరగా అయిపోతాయి. అప్పుడు అసలు పూజ మొదలవుతుంది. భాగాలు మార్పించుకున్న ఎం3 అయితే నాబ్ తిప్పుతూ ఫిల్మునంతా వెనక్కి చుట్టాలి. తర్వాత వైండర్‌నూ ఊడదీయాలి, ఎందుకంటే ఈ కెమెరాకు ఫిల్ము ఎక్కేది అడుగు నుంచే. ఒక చేతిలో కెమెరా, ఇంకో చేతిలో రీలు, వైండర్ చంకలో. ఆదా చేసిన సెకన్లన్నీ వడ్డీతో సహా అక్కడే చెల్లు. వెనక్కి చుట్టడం ఆలస్యమవుతోందనే వాళ్ళకు నాబ్ మీద తొడిగే చేతిపిడి వేరే ఉంది, దాని బిల్లు కూడా వేరే.

1984లో ఫొటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ చనిపోయేనాటికి కడగని రీళ్ళు దాదాపు 2,500 మిగిలాయి. ఫొటోగ్రఫీలో ఏ పని వెనకబడుతుందో చెప్పడానికి ఆ గుట్ట చాలు. చుట్టడమైతే కాదు.

ఈ మోజును అందరికన్నా బాగా చదివింది కంపెనీయే. 2018లో వచ్చిన లైకా ఎం10-డి డిజిటల్ కెమెరా. వెనక తెర లేదు, తీసిన బొమ్మ చూసుకోవాలంటే ఫోన్ తీయాలి. కుడిపక్కన మాత్రం అచ్చం ఫిల్ము మీటలాంటిదే ఒకటుంది. లాగితే బయటికొస్తుంది, ఏమీ చుట్టదు. అది బొటనవేలు ఆనించుకునే పీట. బ్యాటరీ, మెమరీ కార్డు మార్చాలంటే దానికీ అడుగు మూత ఊడదీయాల్సిందే. ఫిల్మును తీసేశారు, ఫిల్ము మార్చే యాతనను మాత్రం భద్రంగా ఉంచి దానికీ ధర కట్టారు.