ఏ4 దర్వాజా

మొన్న దబీర్‌పురా దర్వాజా కింద నిలబడి, చేతిలో ఒక తెల్ల కాగితం పట్టుకుని, దాన్నీ కమానునూ మార్చి మార్చి చూస్తున్నాను. పక్కన మేకకు ఆకులేస్తున్న ఆటో అతనికి అనుమానమొచ్చింది. "క్యా నాప్ రహే భాయ్? జమీన్ కొన్నవా ఏంది?"

"లేదు భాయ్, జింకకు దర్వాజా కొలుస్తున్నా" అన్నాను. ఆటో అతను మేకను కాస్త తనవైపు లాక్కున్నాడు.

నా పిచ్చి కాదు, అరిజోనా ఎడారిలో ఇదే కొలత. మెక్సికో సరిహద్దు వెంట ముప్పై అడుగుల ఉక్కు కమ్మీలు పాతారు. కమ్మీకీ కమ్మీకీ మధ్య సందు నాలుగంగుళాలు. జింక అందులో ముక్కు దూర్చి, అవతలి నీటి వాసన ఉచితంగా పీల్చుకోవచ్చు. మూగజీవాల సంగతేమిటని కొందరు గోల చేస్తే, గోడ అడుగున అక్కడక్కడ కన్నాలు వదిలారు. ఒక్కోటి ఎనిమిదిన్నర అంగుళాలు బై పదకొండు. జెరాక్స్ కాగితమంత! మన ఏ4 కంటే పొడవు కాస్త తక్కువే. జంతువుల దారి అన్నారు కదా, ఇక ఎవరికీ నోరు లేవకూడదు.

2024లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం కెమెరాలు పెట్టి చూశారు. 130 కిలోమీటర్లకు పైబడ్డ గోడకు కన్నాలు పదమూడు. బండ్లను మాత్రమే ఆపే పాత పొట్టి కంచె ఉన్నచోటితో పోలిస్తే, గోడ ఉన్నచోట జంతువులు దాటడం 86 శాతం పడిపోయింది. చిన్నాచితకా జంతువులు దూరుతున్నాయి, నిజమే. ఎలుగుబంటి మాత్రం కన్నం దాకా వచ్చి, తన ఒళ్లు చూసుకుని, వెనుదిరగాలి. 'సౌకర్యం కల్పించాం, వాడుకోలేదు' అని ఏ ఫైల్లోనో రాసుకుని ఉంటారు.

పదమూడు అనగానే పాతబస్తీవాడికి మరో లెక్క గుర్తుకొస్తుంది. పద్దెనిమిదో శతాబ్దంలో మన హైదరాబాద్ చుట్టూ కట్టిన గోడకూ దర్వాజాలు పదమూడే. అవి చాలక పదమూడు ఖిడ్కీలు. అదీ చుట్టూ తిరిగినా కొద్ది మైళ్ల గోడకు. శత్రుసేనలకు భయపడి కట్టుకున్నవాళ్లు కూడా దర్వాజాకు బండి వెడల్పు చూసుకున్నారు, కాగితం వెడల్పు కాదు. ఆ గోడ పోయింది. దర్వాజాల్లో మిగిలినవి రెండే, ఇదీ పురానాపూల్‌దీ.

అరిజోనాలో గోడకు దాహం కూడా ఎక్కువే. 2020లో కాంక్రీటు కోసం ఎడారి భూగర్భజలాన్ని తోడారు. సరిహద్దుకు కూతవేటు దూరంలో క్విటోబాక్విటో అనే చిన్న ఊటచెరువుంది. ఒక జాతి బుల్లి చేపలకు అది నెలవు. ఆ ఏడే దాని నీటిమట్టం పడిపోయింది. అధికారులు ఎండలనన్నారు, లీకేజీనన్నారు. గోడను మాత్రం ఎవరూ ఏమీ అనకూడదు, పాపం, అది కదలకుండా నిలబడి ఉంది.

మనమేం తక్కువ తిన్నాం? కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల చెట్టూచేమల మీదికి బుల్డోజర్లు వెళ్లినప్పుడు, అక్కడ జింకలే లేవన్న మాట విన్నాం. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు పని ఆపించింది. లేని జింకలేమో వీధుల్లో కనిపించాయి. అరిజోనావాళ్లు జంతువును ఒప్పుకుని దారి మూశారు. మనవాళ్లు జంతువునే లెక్కలోంచి కొట్టేశారు. కాగితం ఖర్చు కూడా మిగిలింది.

ఇదే పేటలో బీబీ కా అలావా ఉంది. మొహర్రం పదో రోజున అక్కడినుంచి ఏనుగు మీద ఆలం, అంటే పీరు, బయల్దేరి, పాతబస్తీ వీధుల్లో తిరిగి, మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ చేరుతుంది. ఇరుకు సందుల్లో కిక్కిరిసిన జనం మధ్య ఏనుగు ఏటి దాకా నడిచిపోతుంది. ఎవరూ దాని ముందు కాగితం పట్టరు.

ఇదంతా ఆటో అతనికి ఓపిగ్గా చెప్పాను. నా చేతిలోది తీసుకుని, మేక కడుపుకు అడ్డంగా పెట్టి చూశాడు. "ఇండ్ల గిది గూడ పట్టదు సాబ్" అన్నాడు.

కొలత సంగతి మేకకేం తెలుసు? మెడ తిప్పి కాగితం అందుకుని, తీరిగ్గా నమలడం మొదలుపెట్టింది.