ఆమ్‌స్టర్‌డామ్ ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

మా అన్నయ్య కూతురు జర్మనీలో ఉద్యోగం చేస్తోంది. శనాదివారాలకు సెలవొకటి కలిసొస్తే, రైలెక్కి ఒంటరిగా ఆమ్‌స్టర్‌డామ్ పోయింది. ఫోను చేయదు, చేస్తే ఎత్తదు. చివరికో రాత్రి కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక పద్యం పడేసి మళ్లీ మాయమైంది. చదివిన ప్రతివారూ తలో అర్థం తీశారు. చిన్నప్పుడు దానికి గురులఘువులు నేర్పిన పాపానికి, ఆ అపార్థాలను ఖండించి కవిహృదయాన్ని స్థాపించే భారం బాబాయినైన నా మీద పడింది. నిర్విఘ్నంగా సాగుగాక.

మూలం

ఆ. కాల్వ గట్లు పట్టి కాళ్ళీడ్చి తిరిగాను
బొమ్మశాలలందు బువ్వ మరచి
ఒక్కదాన్నె అమ్మ ఉన్నాను సుఖముగా
చలికి కోటు కలదు చార్జి లేదు

ప్రతిపదార్థం

కాల్వ గట్లు పట్టి = కాలువల ఒడ్డు వెంబడే; కాళ్ళీడ్చి = ట్రాములుండగా ఎక్కక; తిరిగాను = పనేమీ లేకుండా సంచరించితిని; బొమ్మశాలలందు = మ్యూజియములలో; బువ్వ మరచి = వేళకు తినక; అమ్మ = ఓ తల్లీ; ఒక్కదాన్నె = తోడెవరూ లేనిదాననై; సుఖముగా ఉన్నాను = స్పష్టం; చలికి కోటు కలదు = అడగబోయే ప్రశ్నకు ముందే జవాబు; చార్జి లేదు = వివాదాస్పదం, ముందు చూడుడు.

తాత్పర్యం

అమ్మా, బాగానే ఉన్నాను, ఇప్పుడు ఫోను చేయకు.

విశేషాలు

కాల్వ గట్లు పట్టి: కాల్వ అనగానే ఏలూరు కాలువో, బందరు కాలువో మనసులో మెదలడం సహజం. అలా భ్రమపడరాదు. పొలం తడిపే పని వీటికి లేదు. పాత ఊరిని అర్ధచంద్రాకారంగా చుట్టి, 1613లో తవ్వకం మొదలైన మూడు కాలువలివి: హేరెన్‌గ్రాఖ్ట్, కైజర్స్‌గ్రాఖ్ట్, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్. అనగా దొరలది, చక్రవర్తిది, యువరాజుది. 2010లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

సరుకు పడవ వర్తకుడి గుమ్మం దాకా రావాలి, అక్కణ్నుంచి సరుకు అటకెక్కాలి. ఇళ్లేమో సన్నం, మెట్లు నిచ్చెనంత నిటారు. అందుకని దాదాపు ప్రతి ఇంటి నెత్తినా ఒక దూలం వీధిలోకి పొడుచుకొచ్చి, దాని కొసన ఇనుప కొక్కెం ఉంటుంది. చాలా ఇళ్లు నడుం వంచినట్టు కాస్త ముందుకు వాలి కూడా ఉంటాయి. పైకి లాగే బస్తా గోడకు రాసుకోకుండా ఉండటానికి ఈ ఏర్పాటు. మిరియాల బస్తాల కాలం పోయినా కొక్కేలకు పని పోలేదు. ఇల్లు మారేవాళ్లు ఇప్పటికీ సోఫానూ బీరువానూ తాడు కట్టి కిటికీలోంచే ఎక్కిస్తారు.

ఇంత బరువును మోస్తున్న నేల ఎలాంటిదనే శంక రావాలి. బురద నేల. కింద గట్టి ఇసుక తగిలేదాకా కొయ్య దుంగలు దిగ్గొట్టి, వాటి మీద ఇళ్లు లేపారు. డామ్ కూడలిలో ఇప్పుడు రాజభవనంగా ఉన్న పాత నగరసభ ఒక్కదాని కిందే 13,659 దుంగలున్నాయి. కొయ్య పూర్తిగా నీళ్లలో మునిగి ఉన్నంతకాలం కుళ్లదు. నీటిమట్టం తగ్గి గాలి సోకిందంటే చివకడం మొదలు. ముంచుతుందని భయపడే నీరే ఊరిని నిలబెడుతోంది కనుక ఇక్కడ విరోధాభాసం.

గట్ల మీది మేడలకు డబ్బెక్కడిదన్నది తర్వాతి శంక. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీకి మచిలీపట్నంలో, పాలకొల్లులో, భీమునిపట్నంలో స్థావరాలుండేవి. మన తీరంలో అద్దిన కలంకారీ గుడ్డ ఓడెక్కిపోయి అక్కడి ఆడవాళ్లకు గౌన్లయింది, పడకలకు దుప్పట్లయింది. ఇది చెప్పుకోదగ్గ వ్యాపారం. చెప్పుకోకూడని వ్యాపారమూ ఉంది. మనుషుల్ని కొని అమ్మిన బానిస వర్తకంలో ఈ నగరానికున్న పాత్రకు, 2021 జులై 1న మేయర్ ఫెమ్కె హాల్సెమా బహిరంగంగా క్షమాపణ చెప్పారు. కవయిత్రి గట్లు పట్టుకు నడిచింది గాని గట్ల కింది లెక్కలు నాలుగు పాదాల్లో పట్టలేదు. వ్యాఖ్యాతలన్నవాళ్లు పుట్టిందే అందుకు.

కాళ్ళీడ్చి: బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, ట్రాము ఎక్కించుకుంటుంది గదా, నడక దేనికని మా అన్నయ్య ఆక్షేపణ. ఆయన స్టేటు బ్యాంకులో పనిచేసి రిటైరైనవాడు, కార్డుల మీద గురి ఎక్కువ. సమాధానమిది. ట్రాము ఊరిని దాటిస్తుంది, వంతెన మీద ఆగనివ్వదు. అయితే నడిచేవాళ్లకు ఒక నిషేధం ఉంది. ఎర్రగా పరిచిన దారి సైకిళ్ల సొత్తు. దాని మీద నిలబడి ఫొటో దిగేవాడికి ముందు గంట వినిపిస్తుంది, తర్వాత డచ్చి భాషలో నాలుగు మాటలు వినిపిస్తాయి. ఆ మాటలకు టీక అక్కర్లేదు. రైక్స్ మ్యూజియం కడుపులోంచి కూడా సైకిళ్ల దారి ఒకటి దూసుకుపోతుంది. కాలువల అడుగు నుంచి ఏటా వేల సైకిళ్లు బయటికి లాగుతారంటే, అవి ఆ ఊళ్లో చొరబడని చోటు లేదని గ్రహించాలి.

బొమ్మశాలలందు: బహువచనం గమనార్హం. కవయిత్రి మొదట పోయింది రైక్స్ మ్యూజియానికి. పియెర్ కైపర్స్ కట్టిన ఆ భవనం 1885లో తెరిచారు. అందులో వెర్మీర్ వేసిన పాలమ్మాయి చిత్రం ఉంది. కొలతలు 45.5 సెంటీమీటర్లకు 41. మన ఇళ్లలో దేవుడి పటం ఇంతకన్నా పెద్దదుంటుంది. పనిమనిషి ఒకామె కూజాలోంచి గిన్నెలోకి పాలు పోస్తోంది. కథ అంతే. ఆ పాలధార సన్నగా, కాస్త మెలి తిరిగి, ఏళ్ల తరబడి పడుతూనే ఉంది. మొదటి చూపుకు దొరికేది ఇంతవరకే. ఇంకాస్త నిలబడితే వెనక తెల్లగోడ కనిపిస్తుంది. గోడకు ఒక మేకు, మేకుకు దాని నీడ, పక్కనే పాత మేకులు పీకేసిన బెజ్జాలు. నేలన ఒక మూల కాళ్లు కాచుకునే కుంపటిపెట్టె. బెజ్జాల దాకా చూపు పోవాలంటే పక్కన ఎవరూ ఉండకూడదు. ఈ సంగతి మూడో పాదంలో పనికొస్తుంది, గుర్తుంచుకోవాలి.

బువ్వ మరచి: మా వదిన ఈ పదం దగ్గర ఆగి రెండు పూటలు ముందుకు కదల్లేదు. అన్నం తినలేదన్నది వాచ్యార్థమని ఆమె వాదం. నిజానికి మరచినది బువ్వనే గాని తిండిని కాదు. కాగితం పొట్లంలో వేడివేడి బంగాళాదుంప వేపుడు ముక్కలు, మీద మయొనైజ్; వీధిలో ఇనుప పెనం మీద కాల్చి, మధ్యలో పాకం పూసిన స్ట్రూప్‌వాఫెల్. ఇవి తిన్నట్టు ఫొటోల సాక్ష్యం తర్వాత లభించింది. ఉల్లిపాయ ముక్కలతో పచ్చి హెర్రింగ్ చేప విషయంలో మాత్రం కవయిత్రి మౌనం పాటించింది. శాకాహారుల గ్రూపులో ఆ మౌనం ఔచిత్యమే.

ఒక్కదాన్నె: పద్యానికి ఆయువుపట్టు.

పూర్వపక్షం: ఇది దిగులు మాట. తోడు లేక బాధపడుతోంది, అదే పాదంలో సుఖమనడం మనల్ని ఊరడించడానికే. ఇది వదిన మతం. ఎవరో ఉన్నారు, లేరని చెప్పడానికే ఇంత నొక్కి రాసింది. ఇది మా ఆవిడ మతం.

సిద్ధాంతం: రెండూ కావు. మ్యూజియంలో తోడు అనే పదార్థం రెండు విధాలు. మొదటిది, మనం ఆగిన చోట ముందుకు లాగేది. రెండోది, మనకు విసుగొచ్చిన చోట పలక మీద రాసిందంతా పైకి చదివేది. ఉభయాభావమే ఇక్కడ సుఖహేతువు. ఏ బొమ్మ ముందు ఎంతసేపు నిలబడాలో, ఏ గదిని చూడకుండా దాటెయ్యాలో తానే తేల్చుకునే అధికారం ఒంటరికి తప్ప ఎవరికీ లేదు.

అయితే ఒక వింత. ఇలా ఒంటరిగా చూడదగినవన్నీ గుంపుల చేతి పనులే. రెంబ్రాంట్ 1642లో వేసిన నైట్ వాచ్ అంటే ఒక పటాలం. కెప్టెన్ ఫ్రాన్స్ బానింగ్ కాక్, ఆయన మనుషులు. బొమ్మలో ఉన్నందుకు చందాలు వేసుకున్నవాళ్ల పేర్లు పద్దెనిమిది, వెనక గోడ మీది డాలులో ఉన్నాయి. 1715లో నగరసభకు తరలించినప్పుడు గోడకు పట్టలేదని నాలుగు పక్కలా కోసేశారు. ఎడమవైపు కోతతో మనుషులే పోయారు. గుంపులో దిగితే అంచున నిలబడరాదని నీతి.

పోనీ వాన్‌గో? ఏకాకి అనగానే లోకానికి తోచే పేరు అదే. ఆయన 1890 జులైలో పోయాడు, తమ్ముడు థియో ఆర్నెల్లకే పోయాడు. ఎవరూ కొనని బొమ్మలన్నీ థియో భార్య యోహానాకు మిగిలాయి, ఒళ్లో పసివాడితో సహా. ఆమె వాటిని కట్టెలపాలు చేయలేదు. ప్రదర్శనలు పెట్టించింది, అన్నదమ్ముల ఉత్తరాలను 1914లో అచ్చు వేయించింది. ఆ పసివాడు పుట్టాడని పెదనాన్న వేసి పంపినదే నీలాకాశం మీద పూసిన బాదం కొమ్మల చిత్రం. పిల్లవాడు పెరిగి ఇంజనీరై, ఆ సొత్తంతా ఒక చోట ఉండేలా చూశాడు. 1973లో మ్యూజియం తెరిచారు. ఏకాకిని మనదాకా తెచ్చింది మరదలు, తమ్ముడి కొడుకు. ఇది చదివాక మా వదిన కాస్త మెత్తబడింది.

ఊరు కూడా అంతే. ఒక్కడు గట్టు కట్టుకుంటే నీళ్లు పక్కింటివాడి వైపు నుంచి వస్తాయి. అందరూ కలిసి కట్టి, కలిసి కాచుకున్నందువల్లే ఒక్కదాన్నె అనుకుంటూ ఒకతె గట్టున నడవగలిగింది.

సుఖముగా: ఇక్కడ టీకాకారుడు హాస్యం కట్టిపెట్టాలి. ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ 263వ నంబరు ఇల్లు పద్యంలో లేదు. కవయిత్రి అక్కడికీ వెళ్లింది. కదిలే పుస్తకాల బీరువా వెనక, 1942 జులై నుంచి 1944 ఆగస్టు దాకా, నాజీలకు చిక్కకుండా ఎనిమిది మంది యూదులు దాక్కున్న ఇల్లది. పట్టుబడ్డాక ప్రాణాలతో తిరిగొచ్చినవాడు ఆనీ ఫ్రాంక్ తండ్రి ఒట్టో ఒక్కడే. ఆయన కోరిక ప్రకారం గదులు ఖాళీగా ఉంచారు. గోడ మీద పిల్లల ఎత్తు కొలిచి గీసిన పెన్సిలు గీతలున్నాయి. రెండేళ్లు వీధి గుమ్మం దాటకపోయినా పిల్లలు ఎదుగుతారు గదా. ఆనీకి ఆ ఇంట్లో దొరకనిది ఏకాంతమే. ఉన్న చిన్న గదిని ఓ పెద్దాయనతో పంచుకోవాలి, డైరీ రాసుకునే బల్ల కోసం ఆయనతో పేచీ పడాలి. అదే కాలువ గట్టున, ఎవరికీ చెప్పకుండా, ఎటు తోస్తే అటు తిరగడం సుఖమని మా పిల్ల రాసింది. ఆ ఇంటి ఊసెత్తకుండా ఆ ఒక్క మాట వాడింది. ధ్వని అంటే ఇదే.

చార్జి లేదు: అన్నయ్య అన్వయం ప్రకారం కోటుకు డబ్బు పుచ్చుకోలేదని అర్థం. మ్యూజియం గుమ్మంలో కోటు దాచే చోట రుసుము అడగరు కనుక ఆ అర్థమూ పొసగుతుంది, శ్లేష సిద్ధిస్తుంది. ముఖ్యార్థం మాత్రం ఫోనులో బ్యాటరీ అయిపోయిందనే. ఇది చిన్న ఆపద కాదు. వాన్‌గో మ్యూజియానికీ, ఆనీ ఫ్రాంక్ ఇంటికీ టికెట్లు ఆన్‌లైన్‌లోనే, వేళతో సహా ముందే తీసుకోవాలి. గుమ్మం దగ్గర అమ్మరు. అవన్నీ ఫోనులోనే ఉంటాయి. కనుక కవయిత్రి టికెట్లన్నీ వాడేశాకే చార్జి పోగొట్టుకుందని ఊహించాలి. అమ్మ ఫోను చేసే వేళకు కచ్చితంగా అలా జరగడం కాకతాళీయం.

ఛందస్సు

ఆటవెలది. యతులు కా-కా, బొ-బు, ఒ-ఉ, చ-చా. నాలుగూ చెల్లాయి. మూడో పాదంలో సంధులు రెండు గాలికొదిలేసింది. కాళ్లు నొప్పులుగా ఉన్నప్పుడు విసంధి దోషం కాదని నా నిర్ణయం.

ఫలశ్రుతి

ఈ టీకను శ్రద్ధగా పఠించువారికి ఎర్రదారి మీద సైకిలు తగలకుండును. మంగళవారం ఉదయమే కంప్యూటరు ముందు కూర్చొని, ఆరు వారాల తరువాతి తేదీకి ఆనీ ఫ్రాంక్ ఇంటి టికెట్టు పొందుదురు. ఒంటరిగా పోలేనివారు, దంపతులతో సహా, మ్యూజియం గుమ్మం దగ్గర విడిపోయి ఎవరి బొమ్మలు వారు చూసుకొని, సాయంకాలం వంతెన మీద కలుసుకొనవలెను. ఏ వంతెనో ముందుగానే చెప్పుకొనవలెను. ఆ ఊళ్లో వంతెనలు వెయ్యికి పైన ఉన్నవి.