‘తమ్ముడూ, గది నీకే!’

లండన్ చదువుకు బయల్దేరిన కుర్రాడు ఇంకా శంషాబాద్ దాటనే లేదు, లండన్‌లోని మన ఏజెంటన్న వాట్సాప్‌లో దిగాడు. ‘తమ్ముడూ, గది నీకే. మూడు నెలల అద్దె డిపాజిట్‌గా నా ఖాతాలో వేసెయ్.’ ఎంత ఆప్యాయతో! ఇంగ్లండ్ చట్టానికి ఇంత ఆప్యాయత లేదు పాపం. మామూలు అద్దె ఇంటికి అయిదు వారాల అద్దెకు మించి డిపాజిట్ అడగొద్దంటుంది. తీసుకున్నది 30 రోజుల్లో ప్రభుత్వ ఆమోదమున్న మూడు స్కీముల్లో ఒకదాని కింద పెట్టకపోతే మూడింతల దాకా కక్కిస్తుంది. ‘ఏ స్కీమన్నా?’ అని అడిగి చూడండి, అన్నకు సిగ్నల్ పోతుంది. గది చూద్దామంటే ఓనరు ఊళ్లో లేడు, తాళాలు ఆయన దగ్గరే ఉన్నాయి. డబ్బు పుచ్చుకోవడానికి మాత్రం అన్న అర్ధరాత్రయినా ఊళ్లోనే!