చదివింపుల పుస్తకం

మన పెళ్లిళ్లలో పప్పులో ఉప్పెక్కువైతే క్షమిస్తారు, బ్యాండు వాళ్లు ఆలస్యమైతే క్షమిస్తారు. చదివింపుల దగ్గర తేడా వస్తే మాత్రం మూడు తరాలు మాటలుండవు. మండపం పక్కన చిన్న బల్ల, బల్ల వెనక చేతిరాత బాగున్న ఒక బాబాయి, ఆయన ముందు పొడుగాటి నోటు పుస్తకం, మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు. గాజువాక పెద్దనాన్నగారు నూట పదహార్లు, రాసుకో. మల్కాపురం మేనత్త స్టీలు బిందె, అదీ రాసుకో. ఇవాళ రాయకపోతే రేపు వాళ్లింట్లో శుభకార్యానికి ఏం తిరిగి పెట్టాలో తెలియదు. ఆ పుస్తకం మర్యాద కోసం పెట్టింది కాదు. బాకీ కోసం పెట్టింది.

వైద్య పరిశోధకులు కూడా తమ వ్యాసాల చివర ఇలాంటి బల్లే ఒకటి వేస్తారు. దానికి 'కృతజ్ఞతలు' అని పేరు. పక్కనే 'నిధులు' అని ఇంకో బల్ల. డబ్బిచ్చిన సంస్థ పేరు గ్రాంటు నంబరుతో సహా మైకులో చదువుతారు. మందు ఉచితంగా ఇచ్చిన కంపెనీని చదువుతారు. ఇంగ్లిషు దిద్దిపెట్టిన ఏజెన్సీని, లెక్కలు చూసిన మిత్రుణ్ని, నిరంతరం ప్రోత్సహించిన డైరెక్టరు గారిని చదువుతారు. ఇక చివర్లో, తాంబూలాలు కూడా అయిపోయాక, ఒక ముక్క: పాల్గొన్నవారందరికీ ధన్యవాదాలు. ఒక్కోసారి అదీ ఉండదు. సూది గుచ్చించుకున్నది ఎవరు, ఆరు నెలలు బస్సెక్కి వచ్చి నెత్తురు ఇచ్చి వెళ్లింది ఎవరు, ఆ పూట కూలి పోగొట్టుకున్నది ఎవరు? ఆ ప్రశ్నలకు బల్ల దగ్గర జవాబు దొరకదు. షామియానా వేసినవాడికి శాలువా కప్పి పెళ్లికొడుకును గేటు దగ్గరే ఆపేసినట్టు ఉంటుంది వ్యవహారం.

విశాఖవాసులకు ఈ మర్యాద కొత్తది కాదులెండి. ఉక్కు కర్మాగారానికి ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి ఇచ్చిన కుటుంబాల చేతికి 'ఆర్ కార్డు' అనే పునరావాస కార్డు వచ్చింది. ఆ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం తిరిగిన తాత పోయాడు, తండ్రి ముసలివాడయ్యాడు, మనవడు అదే కార్డుకు ప్లాస్టిక్ తొడుగు వేయించి తిరుగుతున్నాడు. 2021 జనవరిలో ఆ కర్మాగారంలో ప్రభుత్వ వాటాను నూటికి నూరుపాళ్లూ వదిలించుకోవాలని ఢిల్లీ తీర్మానించింది. ఆనాటి చదివింపుల పుస్తకం ఒకసారి తిరగేద్దామని అక్కడ ఎవరికైనా తోచిందో లేదో. భూమి ఇచ్చినవాడికి కార్డు నంబరు, ఒళ్లు ఇచ్చినవాడికి సబ్జెక్టు నంబరు. ఈ ఊరి రేవులో మాత్రం ఓడలోంచి దిగే సరుకుకు ఎక్కించినవాడెవడు, దించుకునేవాడెవడు అన్నీ కాగితం మీద ఉండాలి. మాంగనీసు గుట్టకున్న చిరునామా మనిషికి లేకపోయింది.

విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) సంగతికి వద్దాం. రేవు తెరిచింది 1933లో, ఈ ఆసుపత్రి వైద్య కళాశాల మొదలైంది అంతకు పదేళ్ల ముందు, 1923లో. అంటే ఈ ఊరికి ఓడలకన్నా ముందు రోగులు వచ్చారు. శ్రీకాకుళం నుంచి, పాడేరు మన్యం నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. అలాంటి ఆసుపత్రికి 2020 జులై 2న భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నుంచి ఒక శుభలేఖ అందింది. కరోనా టీకా కోవాక్సిన్ ప్రయోగానికి ఎంచుకున్న 12 ఆసుపత్రుల్లో మీరొకరు, 7వ తేదీ దాటకుండా మనుషుల్ని చేర్చుకోవడం మొదలుపెట్టండి, ప్రయోగాలన్నీ ముగించి ఆగస్టు 15 నాటికి టీకా జనంలోకి తేవాలని సంకల్పం, మాట వినకపోతే తీవ్రంగా పరిగణిస్తాం అని దాని సారాంశం. అప్పటికి ఏ మనిషి చేతికీ ఆ సూది తగల్లేదు. పిల్ల ఎవరో తెలియదు, పిల్లాడు ఎవరో తెలియదు, ఎర్రకోట మీద జెండా ఎగిరే వేళకు మూడు ముళ్లూ పడిపోవాలి. ఈ లోగా మంచీ చెడూ విచారించాల్సిన ఎథిక్స్ కమిటీ అనే పెద్దమనుషులు ఉంటారు కదా అంటారేమో. ఉంటారు. ముహూర్తం పెట్టేశాక జాతకాలు చూడమంటే ఏ సిద్ధాంతి మాత్రం ఏం చెప్పగలడు? దేశమంతా నవ్వాక, అది కేవలం ఎర్రటేపు తెంచడానికి రాసిన ఉత్తరమని వివరణ వచ్చింది. టేపుకు అవతల ఉన్నది మనుషులన్న మాట ఆ వివరణలో పెద్దగా వినపడలేదు.

టీకా వచ్చింది. మంచిదే, నేనూ వేయించుకున్నాను. మూడో దశ ప్రయోగంలో 25 ఆసుపత్రుల్లో 25,798 మంది చేరారు. వారి రెండు చేతుల పుణ్యమా అని 77.8 శాతం అనే అంకె లాన్సెట్‌లో అచ్చయింది. అసలు తమాషా ఆ తర్వాత. వైరస్‌ను వేరు చేసి ఇచ్చింది పుణెలోని ప్రభుత్వ సంస్థ. ఐసీఎంఆర్ తన ఖజానాలోంచి 35 కోట్లు పెట్టింది, అమ్మకాల మీద 5 శాతం రాయల్టీకి ఒప్పందం రాసుకుంది, ఆ లెక్కన 171 కోట్లు పైగా వెనక్కి కూడా వచ్చాయి. ఇంత పొత్తు వ్యవహారంలో టీకా తయారుచేసిన భారత్ బయోటెక్ పేటెంటు దరఖాస్తు పెట్టినప్పుడు పొత్తుదారు పేరు రాయడం మరిచిపోయింది! 2024 జూన్‌లో సంగతి బయటపడ్డాక దిద్దుకుని ఐసీఎంఆర్‌ను కూడా యజమానిగా చేర్చారు. ఇచ్చిన సంజాయిషీ మాత్రం భద్రంగా దాచుకోవాల్సింది. తొందరలో పెట్టాం, పైగా మా ఇద్దరి మధ్య ఒప్పందం రహస్య పత్రం కాబట్టి అందుబాటులో లేదు అన్నారు. తాను సంతకం పెట్టిన కాగితం తనకే కనపడనంత రహస్యం! వంటసామాను, గాడిపొయ్యి, సగం ఖర్చు భరించిన మేనమామ పేరు శుభలేఖలో లేదేమిటిరా అంటే, మామయ్య పేరు బీరువాలో పెట్టి తాళం వేశాం, తాళం దొరకలేదు అన్నట్టు.

సర్కారు ముద్ర ఉన్న మేనమామకే ఈ గతి పడితే 25,798 మంది మాట ఎవరెత్తుతారు? కృతజ్ఞత బొత్తిగా చచ్చిపోయిందనడం కూడా అన్యాయం. అప్పటి ఐసీఎంఆర్ అధిపతి బలరాం భార్గవ కోవాక్సిన్ కథను పుస్తకంగా రాస్తూ, ఈ విజయంలో వాటా మనుషులది మాత్రమే కాదని, ప్రయోగాలకు వాడిన 20 కోతులకూ దక్కుతుందని నిండు మనసుతో ఒప్పుకున్నారు. హనుమంతుడు పుట్టిన దేశం, కోతికి దండం పెట్టడంలో తప్పేమీ లేదు. ఆ కోతులు ఎక్కడ దొరికాయో, ఎంత కష్టపడి పట్టారో ఆ పుస్తకంలో కథగా ఉంది. ట్రయల్లో చేరిన మనిషికి కూడా పట్టుబడిన కథ ఒకటి ఉంటుంది, రాసేవాళ్లు ఉండాలి గానీ.

పట్టుబడిన కథ అంటే ఖమ్మం గుర్తుకొస్తోంది. ఇక్కడ నవ్వు రాదు. 2009 జులైలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకాలు వేశారు. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. నడిపింది పాత్ అనే అమెరికన్ సంస్థ. మందు కంపెనీ ఉచితంగా ఇచ్చింది. ఐసీఎంఆర్ పక్కన నిలబడింది. రాష్ట్ర ప్రభుత్వం తన సిబ్బందిని, బడులను, హాస్టళ్లను అప్పగించింది. చదివింపుల బల్ల దగ్గర ఎంత నిండుగా ఉందో చూడండి. దీన్ని ట్రయల్ అంటే చట్టం అడ్డొస్తుందని కాబోలు, 'ప్రదర్శన ప్రాజెక్టు' అన్నారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపేసింది. మధ్యలో కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకూ టీకాకూ సంబంధం లేదని విచారణ సంఘం చెప్పింది. టీకా మీద నాకు తగాదా లేదు, ఆ జబ్బును ఆపే టీకా అదే. తగాదా అంతా సమ్మతి పత్రాల మీద. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక చూడండి: రాష్ట్రంలో 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్లది.

ఆశ్రమ పాఠశాలలో చదివే కోయపిల్లకు అమ్మానాన్నలు అడవికి అవతల ఊళ్లో ఉన్నారు. బస్సు చార్జీ పెట్టి వాళ్లను పిలిపించడానికి ఏ గ్రాంటులోనూ పద్దు లేనట్టుంది. వార్డెన్ పెన్ను తీశాడు. అన్నం తూకం వేసే చేత్తోనే కన్యాదానం కూడా చేసేశాడు.

పేరు మింగే ఈ జబ్బు మన దగ్గరే పుట్టిందని మాత్రం అనుకోకండి. 1895లో భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుకు హార్వర్డులో ఫిస్కె అనే గురువు దొరికాడు. 1925లో ఇద్దరి పేర్లతో వచ్చిన భాస్వరం పరీక్ష ఇవాళ్టికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ తర్వాత శిష్యుడి పని వెలుగు చూడకుండా అసూయతో గురువే తొక్కిపెట్టాడని నోబెల్ గ్రహీత హిచింగ్స్ అంతటివాడు చెప్పాడు. మన వంతుగా మనం ఆయన పోయిన 47 ఏళ్లకు ఒక తపాలా బిళ్ల వేసి నాలుకతో తడిపి అంటించాం.

ఇప్పుడు పెద్దలు ఒక పాయింటు తీస్తారు: రోగుల పేర్లు వేయకూడదయ్యా, గోప్యత! నిజమే, వేయకూడదు. నేను పేర్లు అచ్చు వేయమనడం లేదు. గోప్యత ముసుగు కింద బాకీని కూడా దాచేశారేమిటని అడుగుతున్నాను. ముఖం చూపించకుండానే ఫలితం చెప్పవచ్చు. పేరు అడగకుండానే, మీరు మింగిన మాత్ర పనిచేసింది, లేదా చేయలేదు అని ఒక తెలుగు కార్డు రాయవచ్చు. నంబరు చాలదూ? చిట్‌ఫండు వాడు నంబరు మీదే ప్రతి నెలా ఉత్తరం రాస్తాడు.

రచయితల జాబితా సంగతి ఇంకా ముద్దొస్తుంది. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ రచయిత కావడానికి నాలుగు అర్హతలు పెట్టింది: పనిలో గట్టి పాలు, రాతలో చేయి, చివరి ప్రతికి ఆమోదం, జవాబుదారీ. నాలుగూ ఉండాలి. మన దగ్గర ఒకటి చాలు, కుర్చీ. ఎండలో ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపిన ఆశా కార్యకర్తకు మొదటి అర్హత పుష్కలంగా ఉంది, మిగతా మూడూ ఎవరూ అడగలేదు. సారుగారికి మొదటిది లేదు గానీ ఆమోదించడంలో ఆయనకు సాటి లేరు. తల ఊపితే చాలు. బొమ్మల కొలువులో తల ఊపే తంజావూరు బొమ్మకు పరిశోధన నేర్పితే ఈపాటికి అరవై వ్యాసాలు ఉండేవి.

చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. కొన్ని ప్రయోగాల్లో సమ్మతిని వీడియో తీయాలన్నారు. పెళ్లి వీడియోలాగే. అందులోనూ అందరూ తలలూపుతూనే కనిపిస్తారు. 2019 నిబంధనల్లో ప్రయోగంలో ప్రాణం పోతే పరిహారానికి ఒక సూత్రం ఉంది. మూలం 8 లక్షలు, దాన్ని వయసు గుణకంతో, ముప్పు గుణకంతో గుణించి 99.37తో భాగించాలి. కనిష్ఠం 4 లక్షలు, గరిష్ఠం 73 లక్షల 60 వేలు. నెల్లాళ్లలో పోయే అవకాశం 90 శాతం, ఆపైన ఉన్నవాడికి విడిగా 2 లక్షలు. ఏమీ లేని రోజులకన్నా ఇది ఎంతో నయమని ఒప్పుకుంటాను. కానీ ఆ 99.37 చూసినప్పుడల్లా రేషన్ షాపు ఎలక్ట్రానిక్ కాటా గుర్తొస్తుంది. మనిషిని దశాంశాల దాకా తూచారు, పేరు మాత్రం రాయలేకపోయారు.

ఇక ఒక ఊహ. ఊళ్లో ఏదో ఒక ఆసుపత్రి, పేరెందుకు. రేవులో కళాసీగా చేసి రిటైరైన తాత, చక్కెర జబ్బు. ఎదురుగా ట్రయల్ కోఆర్డినేటర్ అమ్మాయి, కాంట్రాక్టు ఉద్యోగం, గ్రాంటు ఉన్నన్నాళ్లే జీతం.

"సంతకం ఎక్కడెట్టమంతావమ్మా?"

"ముందు చదువుకోవాలి తాతా."

"నాకు సదువొస్తే మూటలెందుకు మోస్తాను? నువ్వే సదువు."

ఆ అమ్మాయి చదివింది. మీరు రెండు భుజములలో ఏదో ఒక భుజమునకు యాదృచ్ఛికముగా కేటాయించబడుదురు అని ఉంది. ఇంగ్లిషులో ట్రయల్ ఆర్మ్ అంటే ప్రయోగంలో ఒక జట్టు. తెలుగు చేసిన మహానుభావుడికి ఆర్మ్ అంటే చెయ్యే.

"ఏ బుజమైతే ఏటమ్మా, గుచ్చెయ్. మూటలకు రెండూ అరిగిపోనాయి."

రెండేళ్లు గడిచాయి. ప్రయోగం ముగిసింది, గ్రాంటు ముగిసింది, దాంతో పాటే అమ్మాయి ఉద్యోగమూ ముగిసింది. వ్యాసం ఏదో విదేశీ పత్రికలో, డబ్బు కడితేనే తెరుచుకునే గదిలో అచ్చయింది. అందులో తాత లేడు, ఆ అమ్మాయీ లేదు. పూర్ణా మార్కెట్‌లో ఇద్దరూ ఎదురుపడ్డారు.

"అమ్మా, ఆ మందు పనిసేసిందేటి?"

"నాకూ చెప్పలేదు తాతా."

తాత కాసేపు ఆలోచించి, సంచిలోంచి మనవరాలి పెళ్లి శుభలేఖ తీసి చేతిలో పెట్టాడు. ఆదివారం మండపానికి వెళ్లింది ఆ అమ్మాయి. కొత్త ఉద్యోగం ఇంకా దొరకలేదు, కవరులో నూట పదహార్లు పెట్టింది. బల్ల వెనక కుర్రాడు కవరు తీసుకుని పక్కన పడేయబోయాడు. తాత వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే, అమ్మ పేరేటో అడిగి సరిగ్గా రాయ్. మళ్లీ మనం పెట్టాల."