వినపడని వెబ్‌సైటు కట్టడం ఎలా?

అరకు లోయలో గదులు అద్దెకిచ్చేవారికి, కాఫీ అమ్మేవారికి, దరఖాస్తులు పుచ్చుకునేవారికి ఉచిత సలహాలు

ఇప్పుడు అరకులో నాలుగు గుడారాలు వేసినవాడికీ వెబ్‌సైటు ఉంది. కాఫీ పొడి ప్యాకెట్లు కట్టేవాళ్లకూ ఉంది. పాడేరు వైపు ఆఫీసులకూ ఉంది. అంతా బాగానే ఉంది గానీ ఒక చిక్కొచ్చి పడింది. చూపులేనివాళ్లు కూడా లోపలికి వచ్చేస్తున్నారు. ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్, ఆపిల్ వాటిల్లో వాయిస్‌ఓవర్, కంప్యూటర్లో జాస్, ఎన్‌వీడీఏ. ఇలా తెర మీది సంగతులు చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు పెట్టుకుని మన రేట్లు కూడా వినేస్తున్నారు. ఇలాగే వదిలేస్తే రేపు ఎవరినీ బతిమాలకుండా గది బుక్ చేసుకుని, డబ్బు కట్టేసి, రశీదు కూడా దించుకుంటారు. దాన్ని ఆపడం పెద్ద కష్టమేం కాదు. కింది చిట్కాల్లో సగం మీరు ఇప్పటికే పాటిస్తూ ఉంటారు.

1. 'వాళ్లకి అరకెందుకు?' అనుకోవడంతో మొదలుపెట్టండి

అన్నిటికీ పునాది ఇదే. చూడ్డానికే వచ్చే చోటికి చూపులేనివాళ్లు రారని తీర్మానించుకుంటే సగం పని తప్పుతుంది. అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ రైలు లైనులో 58 సొరంగాలున్నాయని, వాటిలో దూరినంతసేపూ ఎక్కువ డబ్బు పెట్టి అద్దాల బోగీ ఎక్కినవాళ్లకీ ఏమీ కనపడదని ఎవరైనా గుర్తుచేస్తే మాట మార్చేయండి. బొర్రా గుహల్లో నీటిచుక్కల చప్పుడు, కాఫీ గింజలు వేగే వాసన లాంటి కబుర్లు అసలు మొదలవనివ్వకండి.

వచ్చేవాళ్ల సంగతి అలా ఉంచితే, చూపులేనివాళ్లు ఇక్కడే పుట్టి పెరుగుతున్నారు కూడా. పాడేరు మన్యం అమ్మాయి పాంగి కరుణకుమారి 2025 నవంబరులో కొలంబోలో అంధ మహిళల టీ20 ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులో ఉంది. ఫైనల్లో నేపాల్ మీద 42 పరుగులు కొట్టింది. ఏజెన్సీలో చూపులేనివాళ్లు వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్టుకు, 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలైన వైకల్య పింఛనుకు, ఉద్యోగ ప్రకటనకు ఏదో ఒక సైటు తెరవాల్సినవాళ్లే. కప్పు గెలిస్తే ఫ్లెక్సీ కట్టండి, శాలువా కప్పండి, పక్కన నిలబడి ఫొటో దిగండి. సైటు మాత్రం ముట్టుకోకండి.

2. బటనుకు పేరు పెట్టకండి

కరుణకుమారి ఆడే ఆటలో బంతి ప్లాస్టిక్‌ది. లోపల బేరింగులుంటాయి. దొర్లుతుంటే గలగలమంటుంది, ఆ చప్పుడు విని బ్యాటు ఊపుతారు. మన సైటులో బటన్లు బేరింగులు తీసేసిన బంతుల్లా ఉండాలి.

అదెలాగో చెబుతాను. స్క్రీన్ రీడరు తెరను చూడదు. పేజీ కోడు చదివి, ఏది శీర్షిక, ఏది బటను, దాని పేరేమిటి, ఏ గడిలో టిక్కు ఉంది అని బ్రౌజరు లోలోపల ఒక పట్టీ తయారుచేస్తుంది. దాన్ని యాక్సెసిబిలిటీ ట్రీ అంటారు. విండోస్, ఆండ్రాయిడ్ లాంటి వ్యవస్థల ద్వారా దాన్ని రీడరుకు అందిస్తుంది. రీడరు చదివేది ఆ పట్టీనే. కాబట్టి మీరు పద్ధతిగా అసలైన బటను పెట్టి 'గది బుక్ చేయండి' అని రాస్తే ఆ మాట వాళ్ల చెవిన పడిపోతుంది. అంతకంటే ఒక ఉత్త పెట్టె గీసి, అందులో కాఫీ కప్పు బొమ్మ అతికించి, దాన్ని తాకితే పని జరిగేలా కోడు రాయించండి. కళ్లున్నవాడు ముచ్చటపడతాడు. పట్టీలో మాత్రం దానికి పేరూ ఉండదు, అది బటనన్న ఆనవాలూ ఉండదు. కీబోర్డు మీద ట్యాబ్ నొక్కుకుంటూ వచ్చేవాళ్లు దాన్ని దాటి వెళ్లిపోతారు.

ఫొటోలకు వివరణలు రాయకండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను ఆ పేరుతోనే ఎక్కించండి. కొన్ని రీడర్లు ఆ పేరులోని ఐఎంజీ, అంకెలు, గీతలు ఓపిగ్గా చదివి వినిపిస్తాయి. గాలికొండ మీద మంచు ఎలా ఉంటుందో దాన్నిబట్టి వాళ్లే ఊహించుకుంటారు.

3. ఫిర్యాదు వస్తే బ్రౌజరు మార్చమనండి

చిట్కాలన్నిటిలోకీ రాజు ఇది. ఎందుకంటే ఇందులో కొంచెం నిజం ఉంది.

బ్రౌజరును బట్టి స్క్రీన్ రీడరు తీరు మారుతుంది. జాస్ వాడేవాళ్లలో ఎక్కువమంది క్రోమ్ తెరుస్తారు. ఎన్‌వీడీఏ క్రోమ్‌తోనూ, ఫైర్‌ఫాక్స్‌తోనూ బాగా కుదురుతుంది. వాయిస్‌ఓవర్ సఫారీ కోసమే పుట్టినట్టుంటుంది. ఎన్‌వీడీఏ పేజీకి నకలు తీసుకుని అందులో తిప్పుతుంది. 'హెచ్' నొక్కితే తర్వాతి శీర్షికకు, 'బి' నొక్కితే తర్వాతి బటనుకు దూకుతుంది. టాక్‌బ్యాక్‌లో వేలు కుడికి జరిపినకొద్దీ ఒక్కో అంశం వస్తుంది. తిక్కలూ లేకపోలేదు. జాబితాలో చుక్కలు కనపడకుండా తీసేస్తే, సఫారీలో వాయిస్‌ఓవర్ అది జాబితా అని చెప్పడమే మానేస్తుంది. అదే పేజీని క్రోమ్‌లో ఎన్‌వీడీఏ 'జాబితా, ఐదు అంశాలు' అని చదువుతుంది.

ఈ తేడాలు అంచుల్లో ఉండేవి. పేరులేని బటను ఏ బ్రౌజరు–రీడరు జోడీలోనూ పేరు చెప్పదు. అయినా సరే, తప్పంతా జోడీ మీదికి తోసేయండి. ఫోను దగ్గర కూర్చునే కుర్రాడికి ఈ సంభాషణ బట్టీ పెట్టించండి:

"రిసార్టాండీ? గది రకం ఎంచుకునే దగ్గర 'బటను, బటను' అని తప్ప ఇంకేం చెప్పట్లేదండి."

"ఏ బ్రౌజరు వాడుతున్నారు మేడమ్?"

"క్రోమ్ అండి."

"అదీ సంగతి! ఎడ్జ్‌లో తెరవండి మేడమ్, బ్రహ్మాండంగా వస్తుంది."

2020 నుంచి ఎడ్జ్ లోపల తిరుగుతున్నదీ క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం ఇంజనే. కాబట్టి అక్కడా 'బటను, బటను' అనే వస్తుంది. ఆమె మళ్లీ ఫోను చేస్తే ఐఫోన్లో చూడమనండి. మన దేశంలో ఐఫోన్ మీద ఏ పేరున్న బ్రౌజరు దించుకున్నా లోపలిది సఫారీ ఇంజను వెబ్‌కిట్టే. సఫారీలో రానిది అక్కడ క్రోమ్‌లోనూ రాదు. ఈలోగా డిసెంబరు సీజను గడిచిపోతుంది, గదులు నిండిపోతాయి, సమస్య దానంతటదే తీరిపోతుంది.

ఇంకా వదలకపోతే 'మంచి రీడరు కొనుక్కోండి' అనండి. ఎన్‌వీడీఏ ఉచితమని, దాన్ని 2006లో మొదలుపెట్టిన ఆస్ట్రేలియా యువకుడు మైకేల్ కరన్, అతనితో చేయి కలిపిన జేమ్స్ టే ఇద్దరూ చూపులేనివాళ్లేనని వాళ్లకు ముందే తెలిసి ఉంటుంది. మీకు తెలియనట్టే ఉండండి. స్క్రీన్ రీడర్లు వాడేవాళ్లను వెబ్‌ఎయిమ్ సంస్థ సర్వేల్లో అడుగుతూ వచ్చిన ప్రశ్న ఒకటుంది. మీకు ఎక్కువ మేలు చేసేది మెరుగైన రీడర్లా, సక్రమంగా కట్టిన సైట్లా అని. ఇటీవలి సర్వేల్లో 10 మందిలో 8 మందికి పైగా సైట్లే అన్నారు. ఆ కాగితం ఆఫీసులో ఎవరి కంటా పడనివ్వకండి.

4. ఒక్కసారి చూసి చేతులు దులుపుకోండి

సైటు ప్రారంభించిన రోజు ఒక ల్యాప్‌టాప్‌లో, ఒక బ్రౌజరులో తెరిచి చూసి 'అన్నిట్లో పనిచేస్తుంది' అని ప్రకటించండి. మళ్లీ చూడొద్దు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చినప్పుడు లోకమంతా దాని వేగం చూసి మురిసిపోయింది. స్క్రీన్ రీడరు వాడేవాళ్లకు మాత్రం అదే బ్రౌజరు నత్తనడక నడిచింది. లోపలి యంత్రాంగాన్ని తిరగరాసి 2023 మే నెలలో 113వ వెర్షన్‌తో అందరికీ అందించేదాకా ఆ బాధ పూర్తిగా వదల్లేదు. ఎన్‌వీడీఏ కట్టిన జేమ్స్ టే ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లాలో చేరి ఆ పనిలో ముఖ్యుడయ్యాడు. అంటే బ్రౌజర్లు మారుతూనే ఉంటాయి, నిన్న కుదిరిన జోడీ రేపు తడబడవచ్చు. ఇవన్నీ పట్టించుకుంటే మనకు నిద్రెక్కడిది?

'ఈ సైటును ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చూడండి' అన్న వాక్యం పేజీ అడుగున ఉంటే అలాగే ఉంచండి. మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న దాన్ని సాగనంపింది. పాత వస్తువులంటే పర్యాటకులకు ఇష్టమే కదా.

5. అరియా దండిగా చల్లండి

మామూలు కోడు సరిపోని చోట రీడరుకు అదనపు సమాచారం ఇవ్వడానికి అరియా అనే గుర్తులున్నాయి. తప్పుగా వాడేకంటే అసలు వాడకపోవడమే మేలని వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ చెబుతుంది. మీరు వినకండి. పేజీ మొత్తానికి 'అప్లికేషన్' అనే గుర్తు తగిలించండి. దాంతో 'హెచ్', 'బి' లాంటి దూకుళ్లు పోయి, బాణం మీటలు కూడా పనిచేయడం మానేస్తాయి. తేదీలు ఎంచుకునే క్యాలెండరుకు ఇది మరీ శ్రేష్ఠం. లోపలికి వెళ్లినవాడు బయటికి రాలేడు.

6. తెలుగును బొమ్మ చేసేయండి

కాఫీ ధరల పట్టిక, లబ్ధిదారుల జాబితా, ఉద్యోగ ప్రకటన... ఏదైనా సరే అను ఫాంటులో టైపు చేసి, పీడీఎఫ్ చేసి పెట్టండి. చూడ్డానికి ముత్యాల్లాంటి తెలుగు. లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, చిత్రవిచిత్రమైన గుర్తులు. ఏ రీడరైనా, ఏ బ్రౌజరైనా ఆ గందరగోళాన్నే చదువుతాయి. అది కూడా దండగ అనిపిస్తే ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి ఎక్కించండి. అప్పుడు చదవడానికి ఒక్క అక్షరమూ మిగలదు.

ఎవడో తెలివైనవాడు యూనికోడ్‌లో టైపు చేసినా కంగారుపడకండి. పేజీ భాష తెలుగని చెప్పే చిన్న గుర్తు ఒకటి కోడు పైభాగంలో ఉండాలి. కొనుక్కున్న టెంప్లేటులో అది ఇంగ్లీషని ఉంటుంది, మార్చకండి. రీడరు ఇంగ్లీషు గొంతుతో తెలుగు చదవబోయి, గొంతును బట్టి ఒకచోట ముక్కలు చేస్తుంది, ఒకచోట మౌనం పాటిస్తుంది.

కోదు తెగ మాట్లాడే కువి భాషకు, సవర భాషకు, ఈ లోయలో తెగలకూ తెగలకూ మధ్య మాటలు కలిపే ఆదివాసీ ఒడియాకు ఈ రీడర్లలో గొంతే లేదు. అంటే చూపులేని కోదు పిల్లాడు ఇప్పటికే ఇంటి భాష వదిలి తెలుగులో వింటున్నాడు. ఇంకో మెట్టు పైకి తోసి ఇంగ్లీషులో వినమందాం. భాషలు నేర్పిన పుణ్యం దక్కుతుంది.

7. తొందరపెట్టండి

రేషను డిపో మిషన్ పట్టుకుని సిగ్నలు కోసం గుట్టెక్కే ఏజెన్సీ ఇది. కాబట్టి మొదటి పేజీలోనే జలపాతం వీడియో దానంతటదే మోగేలా పెట్టండి. పేజీ బరువెక్కుతుంది, పైగా ఆ మోతలో రీడరు గొంతు వినపడదు. తర్వాత వంకర అక్షరాల క్యాప్చా పెట్టండి, వినిపించే ప్రత్యామ్నాయం వద్దు. ఫారం నింపడానికి గడువు పెట్టి, అది ముగుస్తోందని తెర మూలన ఎర్రగా చూపించండి. చెవులకు మాత్రం చెప్పొద్దు. గడువు దాటితే నింపినదంతా చెరిపేసి మొదటికి తీసుకురండి.

8. గుండ్రటి గుర్తు కొనండి

ఇంతలో పైఅధికారో, పెద్ద కస్టమరో అడిగితే, సైటు మూలన చేతులు చాచిన మనిషి బొమ్మ తగిలించండి. ఒక్క వరుస కోడుతో సైటు అందరికీ అందుబాటులోకి వస్తుందని అమ్ముతారు. అలా అతిగా చెప్పుకున్న ఒక కంపెనీని పది లక్షల డాలర్లు కట్టాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో ఆదేశించింది. అది అమెరికా, మనకెందుకు? బొమ్మ నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి. చూపులేనివాళ్లకు అక్షరాలు పెద్దవిగా ఉండటం ఎంతో సౌకర్యం.

9. చట్టాన్ని సగమే చదవండి

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వానికే కాదు, సేవలందించే ప్రైవేటువాళ్లకూ వర్తిస్తుంది. మొదటి ఉల్లంఘనకు జరిమానా 10,000 రూపాయల దాకా. అక్కడితో ఆపేయండి. తర్వాతి వాక్యంలో 50,000 నుంచి 5 లక్షలని ఉంది, అది చదివితే ఈ చిట్కాల మీద నమ్మకం సడలుతుంది.

హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయం వైకల్య అధ్యయన కేంద్రం ఇచ్చిన నివేదికను ముందు పెట్టుకుని, 2024 నవంబరు 8న రాజీవ్ రటూరి కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. అందుబాటు ప్రమాణాలు సిఫారసులుగా మిగిలిపోకూడదు, తప్పనిసరి కావాలి అని. 2025 ఏప్రిల్ 30న మరో తీర్పులో డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమంది. ఎవరైనా ఇవి చూపిస్తే 'ఘాటు దాటి మా దాకా రావడానికి టైం పడుతుంది' అనండి.

పొరపాటున కూడా చేయకూడనివి

మౌసు పక్కన పెట్టి ట్యాబ్, ఎంటర్ మీటలతో మీ సైటులో గది బుక్ చేయడానికి ప్రయత్నించకండి. మీ ఫోన్లోనే ఉన్న టాక్‌బ్యాక్‌ను ఆన్ చేసి కళ్లు మూసుకుని వినకండి. ఎన్‌వీడీఏను క్రోమ్‌తో ఒకసారి, ఫైర్‌ఫాక్స్‌తో ఒకసారి నడిపి పోల్చకండి. రెండింటిలోనూ ఒకే చోట ఆగిపోతే మూడో చిట్కా చచ్చిపోతుంది. అన్నిటికంటే ప్రమాదం, రోజూ స్క్రీన్ రీడరు వాడే మనిషిని పిలిచి, కూలీ కట్టి, పరీక్షించమనడం. ఆ మనిషి సాయంత్రానికల్లా పేరులేని బటన్ల చిట్టా మీ చేతిలో పెడతాడు, మీ కుర్రాడు మర్నాటికి వాటిలో చాలామటుకు సరిచేసేస్తాడు, ఇక నా దగ్గరికి సలహాకు వచ్చేవాడే ఉండడు.