సంతకెళ్లి సందడేమిటన్నాడట

మా అపార్ట్‌మెంట్‌ మూడో అంతస్తు పెద్దమనిషి నేపాల్ వెళ్లి ఎవరెస్ట్ బేస్ క్యాంప్ చూసొచ్చాడు. లిఫ్టు చెడిన రోజున మూడంతస్తులకే ఆయాసపడి అసోసియేషన్ ప్రెసిడెంటుని తిట్టే మనిషి 5,364 మీటర్ల ఎత్తుకి నడిచాడంటే మెచ్చుకోవలసిందే. మెచ్చుకున్నాను. ఆయన కాఫీ ఇప్పించి, ఫోనులో ఉన్న ఫొటోలన్నీ ఒక్కటి వదలకుండా చూపించి, ఆఖరున నిట్టూర్చాడు. "అంతా బాగుంది గానీ గురువుగారూ, ఆ నామ్చే బజార్ ఒక్కటే పూర్తిగా వ్యాపారమయం అయిపోయింది."

ఊరి పేరు ఇంకోసారి చెప్పమన్నాను.

"నామ్చే బజార్" అన్నాడు, ఏమాత్రం తడబడకుండా.

ఇది ఆయనొక్కడి జబ్బు కాదు. ఆ దారిన వెళ్లొచ్చిన వాళ్లందరూ ఈ బాధని సంచిలో వేసుకునే వస్తున్నారు. నామ్చే 3,440 మీటర్ల ఎత్తులో, గుర్రపు నాడా ఆకారంలో ఉన్న కొండవాలు మీద మెట్లుమెట్లుగా కట్టిన ఊరు. లుక్లా నుంచి బేస్ క్యాంప్‌కి నడిచేవాళ్లు ఇక్కడ రెండు రాత్రులు ఆగుతారు. పలచటి గాలికి ఒళ్లు అలవాటు పడాలి కదా. మొదటి రోజంతా తలనొప్పి. రెండో రోజు తలనొప్పి తగ్గి, ఆ ఖాళీలోకి సామాజిక శాస్త్రం వచ్చి కూర్చుంటుంది. అప్పుడు కనిపిస్తాయి మనవాడికి బేకరీలు, ఐరిష్ పబ్బు, నకిలీ బ్రాండు కోట్ల దుకాణాలు. వేడివేడి ఆపిల్ పై తుంచి నోట్లో వేసుకుంటూ, "అయ్యో, షెర్పాల అసలు జీవితం ఏమైపోయింది!" అని కుమిలిపోతాడు.

అసలు జీవితం ఏమిటో చూద్దాం. షెర్పాల పూర్వీకులు దాదాపు 500 ఏళ్ల కిందట తూర్పు టిబెట్ నుంచి వచ్చి నామ్చే ఉన్న ఈ ఖుంబూ లోయల్లో స్థిరపడ్డారు. ఆ ఎత్తున పంటలు అంతంతమాత్రం. పంటలు తక్కువైన చోట మనిషి ఏం చేస్తాడు? బేరం చేస్తాడు. 5,700 మీటర్లు దాటిన నాంగ్‌పా లా కనుమ మీదుగా జడలబర్రెలతో టిబెట్‌ వెళ్లి ఉప్పు, ఉన్ని తెచ్చేవారు. కింది లోయల ధాన్యం పైకి పంపేవారు. నామ్చే ఆ బేరానికి కూడలి. 1959 తర్వాత టిబెట్ సరిహద్దు బిగుసుకుని ఉప్పు వ్యాపారం చితికిపోయింది. ఏడుస్తూ కూర్చోలేదు వాళ్లు. ఉప్పు పోయిన చోటికి మనవాడు వచ్చాడు, బేరం అతనితో మొదలెట్టారు. అంతే జరిగింది. మారింది సరుకే.

ఇప్పటికీ అక్కడ శనివారం సంత ఉంది. కింది ఊళ్ల నుంచి బియ్యం, కూరగాయలు, గుడ్లు, మాంసం మోసుకుని రోజుల తరబడి నడిచొస్తారు. మనవాడు దాన్ని మాత్రం ముచ్చటగా ఫొటో తీసుకుంటాడు. బుట్టలో అమ్మితే సంస్కృతి, అద్దాల బీరువాలో అమ్మితే వ్యాపారం!

తిండి దగ్గర మా పెద్దమనిషి పట్టుదల చూడాలి. బేకరీ సరుకు పరాయిదట, దాల్‌భాత్, బంగాళాదుంపలు మాత్రం అచ్చమైన షెర్పా భోజనమట. బంగాళాదుంప ఖుంబూకి వచ్చింది పంతొమ్మిదో శతాబ్దంలో. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఇక వరి నామ్చేలో ఒక్క గింజ పండదు. కంచంలోని ప్రతి మెతుకూ ఎవరో ఒకరు కింద నుంచి మోసుకొచ్చిందే. ఆ లెక్కన ఆపిల్ పైకి, పప్పన్నానికి వరసలు కలుస్తాయి.

మోసిన వాళ్ల సంగతి కూడా వచ్చింది కాబట్టి చెబుతాను. "మా షెర్పా భలే మంచివాడండీ, 25 కిలోలు మోస్తూ నవ్వుతూనే ఉండేవాడు" అన్నాడు మా పెద్దమనిషి. షెర్పా అంటే కూలి పని పేరు కాదు, ఒక జాతి పేరు. ఆ దారిలో సామాన్లు మోసేవాళ్లలో చాలామంది కింది కొండల నుంచి వచ్చే రాయ్‌లు, తమాంగ్‌లు. నామ్లో అనే పట్టీ నుదుటికి తగిలించి, వీపున డోకో బుట్టతో ఎక్కుతారు. షెర్పాలు చాలామంది లాడ్జీల యజమానులు. అంటే మనవాడు షెర్పా అనుకున్నవాడు షెర్పా కాకపోవచ్చు, "ఎవరీ సేఠ్?" అని విసుక్కున్న గల్లాపెట్టె మనిషి అచ్చమైన షెర్పా కావచ్చు. ఎవరెస్ట్ ఎక్కిన హిల్లరీ 1961లో నామ్చే పైనున్న ఖుమ్‌జుంగ్‌లో షెర్పా పిల్లలకి బడి పెట్టించాడు. చదువుకున్నవాళ్లు మన మూట మోస్తూనే ఉండాలని ఎక్కడ రాసుంది?

ఈ స్వచ్ఛతా ప్రియుడు అక్కడిదాకా ఎలా వెళ్లాడో కూడా అడిగాను. లుక్లాకి విమానంలోనట. 1953లో హిల్లరీ, టెన్జింగ్‌ల దండు కాఠ్మాండూ లోయ నుంచి రెండు వారాలకు పైగా నడిచిన దారిని ఈయన అరగంటలో దాటాడు. ఆ విమానాశ్రయం 1964లో హిల్లరీ కట్టించిందే. నేల గట్టిపడటానికి షెర్పాల చేత వరసకట్టి చిందులేయించాడంటారు. ఆ 527 మీటర్ల రన్‌వే మీద దిగినప్పుడు వ్యాపారం గుర్తు రాలేదు, ఫోను చార్జింగుకి డబ్బులడిగేసరికి గుర్తొచ్చింది.

మన తిరుమల సంగతి చూడండి. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతూ దారిలో సోడా తాగుతాం, మామిడికాయ ముక్కలు తింటాం, మెట్లకి పసుపు రాస్తూ పోయే వాళ్ల పక్కనే కూర్చుని ఫోను చూసుకుంటాం. ఏడుకొండలు పాడైపోయాయని ఆ సోడాబండి దగ్గర నిలబడి ఎవరూ ఏడవరు. అది మన ఊరు, మన దాహం. పరాయి కొండ మీద మాత్రం జనం మన ఫొటో కోసం చలిమంట ముందు బీదగా కూర్చోవాలి.

అన్నట్టు, ఆయన తలుపు మీద "ఎవరెస్ట్ విజేతకు స్వాగతం" అని బంధువులు కాగితం అంటించారు. బేస్ క్యాంప్‌ నుంచి ఎవరెస్ట్ శిఖరం కనపడనే కనపడదు. మొదటిసారి అది తొంగిచూసేది నామ్చే ఎక్కే దారిలో, ఆయన పాడైపోయిందన్న ఊరి గుమ్మంలోనే. నిజంగా ఎక్కిన నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో, టిబెట్ వైపు నుంచి ఎక్కింది. అటు నామ్చే తగలదు కాబట్టి ఆపిల్ పై మీద ఆ అమ్మాయి అభిప్రాయం మనకి దొరకదు.

లేవబోతుంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. వచ్చే అక్టోబరులో పద్దెనిమిది మందిని పోగేస్తున్నాడట. పూర్తిగా పాడవకముందే అందరూ చూడాలట. గుంపుగా వెళితే తలకింత తగ్గిస్తారట, పోగేసినవాడికి ఖర్చే ఉండదట.

"నామ్చేలో ఎక్కడ దిగుతారు?" అన్నాను.

"రెండు రాత్రులూ ఆ బేకరీ మీది గదుల్లోనే గురువుగారూ. వైఫై అక్కడొక్కచోటే బాగుంటుంది."