జుడిత్‌కు వేసిన మార్కులు

కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో క్రియేటివ్ గ్రోత్ అని ఒక ఆర్ట్ స్టూడియో ఉంది. బుద్ధి ఎదగలేదని లోకం పక్కన పెట్టిన పెద్దవాళ్లు పొద్దున్నే వచ్చి, సాయంత్రం దాకా బొమ్మలు చేసుకునే చోటు. చిత్రకారిణి ఫ్లోరెన్స్ కాట్జ్, సైకాలజిస్టు అయిన ఆమె భర్త ఎలియాస్ కలిసి 1974లో తమ ఇంట్లోనే మొదలుపెట్టారు. బల్ల చూపిస్తారు, రంగులిస్తారు, అడిగిన సామాను తెచ్చిపెడతారు. ఏం చెయ్యాలో మాత్రం చెప్పరు. బొమ్మ అమ్ముడుపోతే డబ్బులో సగం చేసినవాళ్లది.

1987లో జుడిత్ స్కాట్ అక్కడ చేరింది. నలభై దాటిన మనిషి. డౌన్ సిండ్రోమ్. నోట మాట లేదు. చేర్పించింది కవల సోదరి జాయిస్.

దాదాపు రెండేళ్లు చేతికి ఏ రంగు ఇచ్చినా పిచ్చిగీతలే. మరో చోటైతే రిజిస్టర్‌లో పేరు కొట్టేసేవారు. ఇక్కడ కొట్టెయ్యలేదు. ఈలోగా సిల్వియా సెవెంటీ అనే కళాకారిణి నూలుపని చూపించడానికి వచ్చింది. జుడిత్ ఆ పాఠం జోలికి పోలేదు. అక్కడున్న కర్రపుల్లలు కొన్ని పోగేసి, వాటికి దారం చుట్టడం మొదలుపెట్టింది.

ఇక ఆ చెయ్యి ఆగలేదు. స్టూడియోలో కంటికి నచ్చిన వస్తువల్లా దారంలోకి పోయేది. కుర్చీ పోయింది, షాపింగ్ ట్రాలీ పోయింది. అడిగి తీసుకునే అలవాటు ఆమెకు లేదు, అడ్డుపడే అలవాటు వాళ్లకు లేదు. ఒక్కో బొమ్మను వారాలూ నెలలూ చుట్టేది. ఎప్పుడు ఆపాలో ఎవరూ చెప్పక్కర్లేదు. అయిందనుకున్న రోజు తనే అవతలికి నెట్టేసి, ఇంకోటి మొదలుపెట్టేది. 2005లో కన్నుమూసేనాటికి అలాంటివి దాదాపు 200. న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమా ఆమె పనికి తన సేకరణలో చోటిచ్చింది. 2014లో బ్రూక్లిన్ మ్యూజియం అచ్చంగా ఆమె పనితోనే ప్రదర్శన పెట్టింది. 2017లో ఆ బొమ్మలు వెనిస్ బియనాలే అనే కళా ప్రదర్శన దాకా వెళ్లాయి.

చూసినవాళ్లంతా అడిగేది ఒకటే: లోపల ఏముంది? కొన్ని బొమ్మల్లో రెండు ఆకారాలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని కనిపిస్తే, ఇవి కవలలే అన్నారు విమర్శకులు. జుడిత్ ఔననలేదు, కాదనలేదు.

కవలల కథ జాయిస్‌కు తెలుసు. ఏడేళ్లు వచ్చేదాకా ఇద్దరికీ ఆటా పాటా, తిండీ నిద్రా అన్నీ కలిసే. 1950లో ఒకరోజు జాయిస్ నిద్రలేచేసరికి పక్కన జుడిత్ లేదు. డాక్టర్లు చెప్పారని ఒహాయో రాష్ట్రంలోని ఒక ప్రభుత్వ సంస్థకు పంపేశారు. అక్కడ 35 ఏళ్లు గడిచాయి. చివరికి జాయిసే పట్టుబట్టి, సంరక్షకురాలిగా సంతకాలు పెట్టి, తన దగ్గరికి తెచ్చుకుంది.

అంతకాలం ఎందుకుంచారో చెప్పే కాగితాలు కూడా ఆమె చేతికొచ్చాయి. ఈ పిల్లకు చదువు చెప్పడం కుదరదని తేల్చారు. ఒకసారి రంగు క్రేయాన్లు పట్టుకుంటే, బొమ్మ గీసేపాటి బుద్ధి లేదని వెనక్కి లాక్కున్నారు. అన్నిటికీ ఆధారం తెలివితేటల పరీక్ష. ఐక్యూ 30.

ఆ పరీక్షలో ప్రశ్నలన్నీ నోటితో అడిగారు.

జుడిత్‌కు చెవుడు. పసితనంలోనే వినికిడి పోయింది. పరీక్ష పెట్టిన పెద్దలెవరూ ఆ సంగతి కనిపెట్టలేదు. అది బయటపడేసరికి ఆమె బాల్యం ఎప్పుడో దాటిపోయింది.

వాళ్లడిగింది ఆమెకు వినపడలేదు. ఆమె బదులివ్వలేదన్నది మాత్రం వాళ్లకు చక్కగా వినపడింది. దానికే 30 వేశారు.